టీచరమ్మ అడిగిన పచ్చపువ్వు

మా టీచరమ్మ ఇక లేరు.

ఆ వార్త వచ్చిన ఉదయం నేను నేత శిక్షణ కేంద్రంలో రంగు గంగాళం ముందు నిలబడి, నూలును రంగులో ఎలా తిప్పాలో విద్యార్థులకు చూపుతున్నాను. ఫోను చేసినవాడు రాత్రిబడిలో నాతోపాటు చదివిన మిత్రుడు, ఆటో నడుపుతాడు. “అన్నా, టీచరమ్మ పోయినాదంట. నిద్దట్లోనే. వాళ్ళ అంగడి మూసుండాది” అన్నాడు. పండుగనాడు సైతం ఒక తలుపైనా తెరిచి ఉండే ఆ అంగడి మూసి ఉన్నదంటే ఇక అడగవలసినదేమీ లేదు. తరువాత అతడే అందుకున్నాడు: “నిన్న గూడా నన్ను తిట్టినాదన్నా. కాలవకాడ ఆటో కడుగుతాంటి. ‘ఒరే, నీ చక్రం కింద ఏముండాదో చూసినావా?’ అనింది. వంగి చూస్తే మన పచ్చపువ్వు!”

నాకు నవ్వు వచ్చింది. చేతిలోని నూలు గంగాళంలోకి జారిపోయింది. ఆమెను తలచుకొని దుఃఖపడదామని కూర్చున్నప్పుడల్లా నాకు ఇదే జరుగుతున్నది. కనుక ఈ మాటలను నవ్వుతూనే రాస్తున్నాను. ముఖం వేలాడేసుకొని రాసినట్లయితే ఆమె ఒప్పుకొని ఉండేవారు కారు.

ఆమెను ఎరుగని పాఠకుల కోసం కొంత చెప్పాలి. మాది ప్రొద్దుటూరు. టీచరమ్మ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. ఆమె భర్త శెట్టిగారికి బజారులో కిరాణా అంగడి ఉన్నది. ఉద్యోగం ముగిసిన తరువాత ఆమె ఇంటిపట్టున ఉంటారని బంధువులందరూ అనుకున్నారు. ఆమె మాత్రం సాయంత్రం కాగానే అంగడిలోని చిన్న గాజుసీసా నుంచి ఒక లవంగం తీసి బుగ్గన పెట్టుకొని, సత్రం మేడమీద నడిచే మా రాత్రిబడికి వచ్చేవారు. చదువు మధ్యలో ఆగిపోయి, మీసాలు నెరిసే వయసులో మళ్ళీ పలక పట్టినవాళ్ళ బడి అది. “మా ఇంట్లో ఉప్పు యాడుండాదో ఆమెకు తెల్దు. కాలవ గట్టున ఏ గడ్డి యాడుండాదో మాత్రం తెలుసు” అని శెట్టిగారు సరుకుల కోసం వచ్చినవారందరికీ చెప్పేవారు. లోపలి నుంచి జవాబు వచ్చేది: “ఉప్పు మీరే అమ్ముతాండారు గదా, ఇంక నాకెందుకు?”

ఆ రోజుల్లో నా పరిస్థితి ఇది. చిన్నతనంలోనే గుంతమగ్గంలోకి కాళ్ళు దించినవాణ్ణి. నలభైకి దగ్గరపడేసరికి నడుము మొరాయించింది. మగ్గం మానకపోతే ముందు ముందు నడవడమే కష్టమని వైద్యుడు ఖండితంగా చెప్పాడు. నేత శిక్షణ కేంద్రంలో అద్దకం నేర్పే పని ఒకటి ఖాళీగా ఉండేది. రంగుల విషయంలో నాకు మరొకరు పాఠం చెప్పవలసిన అవసరం లేదు. అయితే ఆ పనికి ఇంటర్మీడియట్, అదీ సైన్సుతో, ఉత్తీర్ణులై ఉండాలన్నారు. రాత్రిబడిలో చేరి రాతపరీక్షలన్నీ మొదటి ప్రయత్నంలోనే గట్టెక్కాను. వృక్షశాస్త్ర ప్రయోగపరీక్షలో తప్పాను. మరుసటి పరీక్షల వరకు మాత్రమే ఆగగలమని కేంద్రం వారు కబురు చేశారు. నా బ్రతుకుతెరువు మొత్తం ఆ ఒక్క పరీక్ష దగ్గర నిలబడిపోయింది.

తప్పడానికి కారణం ఉన్నది. ఆ పరీక్షలో బల్లమీద మొక్కలను ఉంచుతారు; వాటిని గుర్తించి, ఎలా గుర్తించామో రాయాలి. నేతగాడు నూలును గుర్తుపెట్టుకున్నట్లే నేను పువ్వులను వన్నెను బట్టి గుర్తుపెట్టుకున్నాను. ఉదయం కోసి తెచ్చిన పువ్వులు మధ్యాహ్నం నా వంతు వచ్చేసరికి వాడిపోయాయి. కొన్ని రేకులన్నింటినీ రాల్చుకొని వట్టి కాడలై నిలిచాయి. రంగు పోయిన పువ్వును ఏ పేరుతో పిలవాలో నాకు తోచలేదు. వీధిలోకి వచ్చేసరికి కబురు నాకంటే ముందే చేరింది. “ఏమప్పా, పూలు గుర్తుపట్టేకి పోయి నువ్వే వాడిపోయి వచ్చినావే!” అన్నారు మా వీధివాళ్ళు.

టీచరమ్మ మా బడికి వచ్చింది ఆ ఏడాదే. మొదటి పాఠంలోనే పుస్తకంలో ఒక వాక్యం అడ్డుపడింది. నేనే లేచి నిలబడి చదివాను: తేమగల పచ్చిక బయళ్ళలో సహజంగా పెరిగే పసుపురంగు పువ్వుకు బటర్‌కప్ ఒక ఉదాహరణ. పక్కనే నలుపు తెలుపుల్లో బొమ్మ.

“పచ్చిక బయలంటే యాడుండాది టీచరమ్మా?” అని ఆటో మిత్రుడు అడిగాడు. “గొర్రెలు పోయినంక మన సీమలో మన్నే కదా మిగిలేది?”

మా తరగతిలో జాకెట్లు కుట్టే అక్క ఒకామె ఉండేది. ఆమె సందేహం వేరు. “బటరంటే వెన్న. సరే. వెన్నలో కప్పేంది టీచరమ్మా?”

టీచరమ్మ పుస్తకం మూసి, నవ్వు ఆగేదాకా కళ్ళద్దాలు తుడుచుకున్నారు. “కప్ప కాదమ్మా, కప్పు. వెన్న పెట్టుకునే గిన్నె. ఆ పువ్వు చల్లటి నేలల పువ్వు. అది మనకాడికి రాదు, మనం దానికాడికి పోము. వాళ్ళ చెమ్మలో అది నిలబడితే, మన చెమ్మలో ఏది నిలబడిందో చూద్దాం. కాలవ గట్టు కింద నీళ్ళు ఊరే చోట ఒక పచ్చపువ్వు ఉండాది. మన నేలదే. ఎవురూ నాటింది కాదు. రేపు తలా ఒకటి పట్టుకొని రాండి. పేరు మాత్రం నేను చెప్పను.”

‘పచ్చపువ్వు’ అన్నారని పాఠకులు గమనించాలి. మన భాషలో పచ్చ అనే మాట రెండు రంగులకు చెల్లుతుంది. పచ్చకామెర్లలోని పచ్చ వేరు, పచ్చని చేనులోని పచ్చ వేరు. మాట్లాడుకునేవారికి దానివల్ల ఇబ్బంది లేదు, నేసేవారికి ఉన్నది. చీరలు నేయించే సాహుకారు ‘పచ్చ అంచు’ అని చెప్పి పంపినప్పుడు ఒకరు ఒకటి, మరొకరు మరొకటి నేస్తే చీరలన్నీ వెనక్కి వస్తాయి. అందుకే మా మగ్గాల వీధిలో పెద్దలనాటి కట్టుబాటు ఒకటి ఉన్నది. పచ్చ అంటే ఆకుపచ్చే. రెండవదానిని పసుపు అనే అనాలి.

మరునాటి సాయంత్రం టీచరమ్మ బల్లమీద మా పువ్వులు చేరాయి. అక్క చామంతులు తెచ్చింది, బజారులో కొని. “కాలవదాకా పోయేకి తీరిక యాడిది టీచరమ్మా? ఉండేటిట్లో పచ్చగుండేటియే ఏరుకొచ్చినా” అన్నది. ఆటో మిత్రుడు అయిదు రేకుల చిన్న పువ్వును ముళ్ళకాయతో సహా తెచ్చాడు. “నేను దీన్ని ఎతుక్కోలేదు. అదే వచ్చి నా టైరుకు గుచ్చుకున్యాది” అన్నాడు. ఇంకొకరు తంగేడు కొమ్మ పట్టుకొచ్చారు. నేను తడిబట్ట విప్పి, కాలువ చెమ్మలో శ్రద్ధగా వెదికి తెచ్చినదానిని బల్లమీద ఉంచాను. అది ఒక గడ్డి కంకి. నిగనిగలాడే ఆకుపచ్చ.

తరగతి మొత్తం గొల్లుమన్నది. “ఏమన్నా, టీచరమ్మ ఇంట్లో గొర్రె ఉండాదా?” అని ఎవరో అన్నారు.

నేను కూర్చోలేదు. “టీచరమ్మ పచ్చ అనింది. నేను పచ్చే తెచ్చినా. పసుపు గావాలంటే పసుపు అనల్ల” అన్నాను.

ఆమె నన్ను చూశారు, కంకిని చూశారు. “ఈ అప్ప చెప్పింది నిజం” అన్నారు. “నువ్వు తప్పు తేలేదప్పా. నేను తప్పు అడిగినా.” ఆ కంకిని భూతద్దం కింద పెట్టి, దాని పొరల నుంచి దారపు పోగుల్లా వేలాడే కేసరాలను అందరికీ చూపించారు. గడ్డి కూడా పూస్తుందని, ఆ పువ్వు పచ్చగానే ఉంటుందని మాకు ఆనాడు తెలిసింది. చామంతి తోటలో పెంచేదని, చెమ్మలో దానంతట అది మొలిచేది కాదని పక్కన పెట్టారు. తంగేడు మనదే, కానీ అది మెట్టలో, గుట్టలమీద పూస్తుందన్నారు. ముళ్ళకాయది పల్లేరు. “ఇదీ మనదే. కానీ దీనికి కాళ్ళు తడుపుకునేది చేతకాదు” అన్నారు. అలా ఒక్కొక్కటే తీసివేస్తూ పోతే, ఆమె అడిగిన పువ్వు బల్లమీద లేనేలేదని తేలింది. ఆమెకు అది గొప్ప విజయంగా తోచింది. “ఏది కాదో తెలుసుకున్నారు. సగం పని అయిపోయినట్లే!” అన్నారు.

ఆనాటి నుంచి నన్ను ‘పచ్చపువ్వప్పా’ అని పిలిచారు. బజారు నడుమ కూడా అలాగే పిలిచేవారు. కొన్నేళ్ళకు నేను డిగ్రీ కూడా పూర్తిచేసి పట్టా తీసుకున్న తరువాతనైనా మానుకుంటారని ఆశించాను. మానుకోలేదు.

ఆ ఆదివారం ఉదయం ఆమె గొడుగు పట్టుకొని, చంకలో మడిచిన గోనెసంచితో, మా మగ్గాల వీధికి వచ్చి నా వాకిట్లో నిలబడ్డారు. ఇద్దరమూ కాలువ దగ్గరికి నడిచాము. గట్టు కింద నీరు ఊరే చోట మా ఊరు మా ఊరిలా ఉండదు. చుట్టూ నేల నెర్రెలిచ్చి ఉన్నా, అక్కడ మాత్రం మోకాలెత్తు గడ్డి, అడుగు వేస్తే బుగబుగమని నీళ్ళు. ఆ గడ్డి నడుమ ఎర్రని కాడలమీద పసుపు పువ్వులు నిలబడి ఉన్నాయి. ప్రొద్దుటి ఎండకు ఒక్కొక్క రేకూ నూనె రాసినట్లు మెరుస్తున్నది.

“కోయొద్దు. మొదలు చూడు. ఎన్ని రేకులు?”

“నాలుగు. నిమ్మపండు పసుపు. నడిమిట్లో రవ్వంత చిక్కన. మామిడిపండంత చిక్కన కాదు.”

“రంగు నీకు నాకంటే బాగా తెలుసు. అందుకే రంగు కట్టిపెట్టు” అని ఆమె వంగి పువ్వుమీద మెల్లగా ఊదారు. నాలుగు రేకులూ రాలిపోయాయి. నేను “అయ్యో!” అన్నాను. “ఇప్పుడు చెప్పు. ఇదేం పువ్వు?”

నేను మళ్ళీ పరీక్ష బల్ల ముందు నిలబడినట్లయింది. నా ముఖం ఆమె చూసి, గోనెసంచి పరుచుకొని ఆ తడిలోనే కూర్చున్నారు. కొంగుముడి విప్పి అంగడి లవంగం ఒకటి నా అరచేతిలో పెట్టారు. రేకులు రాలిన కాడను దాని పక్కన పెట్టారు.

ఒకటి ఎండినది, ఒకటి పచ్చిది. ఆ తేడా పక్కన పెడితే, రెండింటికీ అదే పొడుగాటి ఒళ్ళు, దానిమీద నాలుగు మొనల కిరీటం. నేను ఒకదానిని విడిచి ఒకదానిని చూస్తూ ఉండిపోయాను.

“శెట్టిగారి అంగట్లో ఉండాల్సింది కాలవలోకి ఎట్లొచ్చినాది టీచరమ్మా?”

“దూరపు చుట్టాలప్పా. వాళ్ళు పెద్ద మాన్లైనారు, వీళ్ళు చెమ్మ వదల్లేదు. మనూర్లో దీన్ని కలుపంటారు. నేను నీటిలవంగం అంటా. నువ్వు పరీక్షలో మాత్రం లుడ్విజియా అనే రాయి. పరీక్ష పెట్టేటోళ్ళు లవంగాలకు మార్కులియ్యరు.” అప్పుడే, తరువాతి కాలంలో నేను అనేకసార్లు విన్న మాటలను మొదటిసారి చెప్పారు. “పేరు కడాకు అడుగు. మొదలు అది యాడ నిలబడిందో చూడు. రాలేటియి రాలనీ. రాలినంక ఏం మిగిలిందో అది పట్టుకో.”

నీటిలవంగం అనే పేరు ఏదైనా పుస్తకంలో ఉన్నదో, అంగడి ఇల్లాలు కనుక ఆమే పెట్టుకున్నారో నాకు నేటికీ తెలియదు. అరచేతిలోని అసలు లవంగాన్ని ఏమి చేయమంటారని అడిగాను. “నమలప్పా. మా శెట్టిగారి సరుకు. కల్తీ ఉండదు” అన్నారు.

రెండవసారి ప్రయోగపరీక్ష కూడా మధ్యాహ్నమే వచ్చింది. వరుసగా పెట్టిన సీసాలలో నా ముందున్న దానిలో ఒక వట్టి కాడ ఉన్నది. పసుపు లేదు, రేకు లేదు. ఎర్రని కాడమీద పొడుగాటి ఒళ్ళు, నాలుగు మొనల కిరీటం. నోటిలో లవంగం లేకపోయినా నాలుక చురుక్కుమన్నది. తేమనేల మొక్క అని మొదలుపెట్టి, పేరును చివర రాశాను. పరీక్షాధికారి నా కాగితం చదివి అడిగారు: “ఇక్కడ రేకు ఒక్కటీ లేదే. పువ్వు పసుపని, రేకులు నాలుగని మీకెట్లా తెలుసు?”

“నాలుగు రక్షకపత్రాలు నిలబడి ఉన్నాయి సార్. కింద అండాశయం పొడుగ్గా ఉన్నది. అచ్చం లవంగంలా.”

“లవంగమా?” అని ఆయన సీసాలో నుంచి కాడను తీసి, కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసుకున్నారు. ముఖం విప్పారింది. “ఇక వంట చేసినప్పుడల్లా ఇదే గుర్తొస్తుందే!” అన్నారు.

ఉత్తీర్ణుడనయ్యాను. శిక్షణ కేంద్రంలో పని దొరికింది. మిఠాయి పట్టుకొని అంగడికి వెళితే, శెట్టిగారు పొట్లం కట్టి గుప్పెడు లవంగాలు నా చేతిలో పెట్టారు. “మిఠాయి ఎవురైనా ఇస్తారు. నిన్ను గట్టెక్కించింది మా సరుకు, ఊరికే కాదు!” అన్నారు. వెనుక నుంచి టీచరమ్మ “మీ సరుకు కాదు, కాలవది” అన్నారు. ఆ తగాదా వారిద్దరి మధ్య ఎన్నటికీ తెగలేదు.

ఆమె ఎప్పుడూ సరిగానే చెప్పేవారని రాస్తే ఆమెకే కోపం వస్తుంది. ఒకసారి గట్టు కింద ఒక ఎర్రపువ్వును చాలాసేపు పరీక్షించి వచ్చి, ఆ సాయంత్రం తరగతిలో తానే చెప్పుకున్నారు: “శానా సేపు రేకులు ఎంచినా. కాడ గిల్లినా. ఎంతకూ వాసన రాకపాయె, వాడకపాయె. కడాకు చూస్తే వినాయకుడి మెరవణిలో కట్టిన ప్లాస్టిక్ పువ్వు!” మేము నవ్వితే మాకంటే ఎక్కువగా నవ్వారు. అయితే నీటిలవంగాన్ని ఎవరైనా కలుపు అంటే మాత్రం సహించేవారు కారు. “మీ వరిలోకి అది రాలేదప్పా. దాని చెమ్మలోకి మీ వరి వచ్చినాది” అని రైతులతో కూడా వాదించేవారు.

నాకు పని వచ్చిన తరువాత కూడా అప్పుడప్పుడు శిక్షణ కేంద్రానికి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి నా విద్యార్థులను “పచ్చంటే ఏ రంగు?” అని అడిగేవారు. వాళ్ళు రెండు జట్లుగా చీలి వాదించుకుంటుంటే, నిప్పు రాజేసినవారిలా సంతోషంగా వెళ్ళిపోయేవారు. తరువాత పాఠం నడపడం నా వంతు. ఈ ఊరిలో అద్దకం నేర్చుకునే ప్రతివారికీ నేను మొదటి రోజు ఆ మాటతోనే పాఠం మొదలుపెడతాను.

పెద్దకర్మ నాడు మేము ముగ్గురం, నేనూ ఆటో మిత్రుడూ జాకెట్లు కుట్టే అక్కా, కలిసి వెళ్ళాము. ఏ పువ్వులు తీసుకుపోవాలో మాట్లాడుకోలేదు. ప్రొద్దున్నే ఆటో కాలువ దగ్గర ఆగింది. ఈసారి మిత్రుడు బండిని చెమ్మకు దూరంగా నిలిపాడు. పూసిన కొమ్మలను కొన్నింటిని కోసి, ఆనాటి గడ్డి కంకిలాగే తడిబట్టలో చుట్టాను. దారినిండా గతుకులే. బజారు చేరేసరికి రేకులన్నీ అక్క ఒడిలోనూ ఆటో అడుగునా రాలి ఉన్నాయి.

“చామంతులే కొనుక్కొచ్చింటే సరిపోయిండేది కదప్పా!” అన్నది అక్క, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ.

అంగడిలో గల్లాపెట్టె పక్కన ఆమె ఫొటో ఉన్నది. వట్టి కాడలను దాని ముందు ఉంచాము. శెట్టిగారికి ఇప్పుడు చూపు సరిగా ఆనదు. తడుముకుంటూ వచ్చి, కాడనుంచి నాలుగు మొనల కిరీటం ఒకటి తెంపి వేళ్ళ మధ్య తిప్పి చూశారు.

“లవంగాలు ఎవురు తెచ్చినారప్పా?”

“లవంగాలు కాదు శెట్టిగారూ. కాలవది” అన్నాను.

ఆయన చేయి ఆగింది. తరువాత దానిని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. “వాసన ల్యాదే” అన్నారు.

“ల్యాదు.”

తక్కెడ పక్కనే ఆమె గాజుసీసా ఉన్నది. రోజూ సాయంత్రం బడికి వచ్చేముందు ఆమె లవంగం తీసుకున్నది దానిలో నుంచే. శెట్టిగారు మూత తిప్పి, చేతిలోనిదానిని అందులో వేశారు.

“కల్తీ అయితాది శెట్టిగారూ!” అన్నాడు ఆటో మిత్రుడు.

“కానీలేప్పా. నా అంగట్లో ఇదొక్కటే కల్తీ” అని ఆయన మూత బిగించారు. “దాంట్లో ఉంటే దానికీ వాసన పడుతుంది.”

సీసాను మళ్ళీ దాని చోటనే పెట్టారు. నేను నిలబడిన చోటికి అది బాగా కనబడుతున్నది. ఎండిన లవంగాల నడుమ అది ఒక్కటే పచ్చగా ఉన్నది, మా మగ్గాల వీధి పచ్చ.